చవక సరుకు – తిరుగు సరుకు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యాపారం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గంవారు మమ్ములను కోరారు. వ్యాపారం మనవాళ్ళకు కొత్తది కాదు. వానను నమ్ముకొని శనక్కాయ వేస్తే విత్తనం ఖర్చు కూడా చేతికి రాని ఏండ్లు ఈ సీమలో ఎన్నో పోయాయి. సెంటు భూమి లేనివారు సైకిలు వెనక గుడ్డల మూట కట్టుకొని సంతలు తిరిగి పిల్లలను సాకారు. ఆ పిల్లల పిల్లలు ఇప్పుడు సెల్‌ఫోనులో అంగడి తెరుస్తున్నారు. అది సంతోషించదగినదే.

అయితే ఈమధ్య మన కుర్రవాళ్ళకు ఒక దారి బాగా నచ్చింది. బెంగుళూరు షాపుల్లో "క్లియరెన్స్ సేల్" అని బోర్డు పెట్టినప్పుడు మిగులు సరుకు లాటుగా కొని తెచ్చి, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో వంటివాటిలో పెట్టి అమ్మడం. బెంగుళూరు మనకు నూరు కిలోమీటర్ల పైచిలుకే. పొద్దున బస్సెక్కితే రాత్రికి మూటతో ఇల్లు చేరవచ్చు. మూడువందల చొక్కా నూటయాభైకి దొరికిందంటే ఎవరికి ఆశ పుట్టదు?

కాని ఆ షాపువాడు సగం ధరకు ఎందుకు ఇస్తున్నాడు? మన మీద ప్రేమతో కాదు గదా! నడిమి సైజులన్నీ అమ్ముడుపోయి మరీ చిన్నవి, మరీ పెద్దవి మిగిలి ఉంటాయి. లేదా అట్టపెట్టె చినిగి ఉంటుంది, చార్జరు పోయి ఉంటుంది, ఒకరు కొని తిప్పికొట్టింది అయి ఉంటుంది. బిల్లు కింద చిన్న అక్షరాలతో "అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు" అని అచ్చువేసి ఉంటుంది. మనవాడు దాన్ని చదవడు.

అసలు చిక్కంతా అక్కడే ఉంది. సంతలో మూట విప్పితే కొనేవాడు చొక్కాను ఎండకు పట్టి చూసేవాడు. ఐబు ఉంటే అక్కడే చెప్పి పది రూపాయలు తగ్గించమనేవాడు. బేరం తెగితే ఇద్దరికీ తెగినట్టే. ఆన్‌లైన్‌లో కొనేవాడికి కనిపించేది బొమ్మ ఒక్కటే. సరుకు ఇంటికొచ్చాక చూస్తాడు, నచ్చకపోతే వెనక్కి పంపుతాడు. అంటే మనం కొన్నచోట తిప్పి ఇచ్చే హక్కు లేదు, మనం అమ్మినచోట తిప్పి పుచ్చుకోవలసిన పూచీ ఉంది. రెండు నష్టాలూ మధ్యలో ఉన్న మన నెత్తిమీదే పడతాయి. ఇది కంపెనీ దయాదాక్షిణ్యం కూడా కాదు. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం సరుకు లోపంతో ఉన్నా, చెప్పినట్టు లేకున్నా అమ్మినవాడు వాపసు తీసుకోను అనరాదు.

మా బంధువుల పిల్లవాడు ఒకడు తల్లి కమ్మలు కుదువబెట్టి ఒక షాపులో బూట్ల లాటు తెచ్చాడు. షాపు పేరు ఎందుకులెండి. అద్దాల బీరువాలో ప్రదర్శనకు పెట్టిన జోళ్ళు కొన్ని అందులో కలిసిపోయాయి. ఒక కాలిది ఎండకు వెలిసిపోయింది, రెండో కాలిది పెట్టెలో కొత్తగా ఉంది! రాత్రి బల్బు వెలుతురులో ఫోటోలు తీశాడు, తేడా కనిపించలేదు. పది రోజుల్లో పార్శిళ్ళు ఒకటొకటే తిరిగి రావడం మొదలయింది. ఒక పెట్టె విప్పితే కొత్త బూట్లకు బదులు ఎవరివో అరిగిన చెప్పులు ఉన్నాయి. ఫిర్యాదు చేస్తే, పెట్టె విప్పినప్పటి వీడియో ఏదన్నారు. తీయలేదు. ఫిర్యాదులు ఎక్కువయ్యాయని ఖాతా ఆపేశారు, రావలసిన పైకం కొన్ని వారాలు నిలిచిపోయింది. కమ్మల మీద వడ్డీ మాత్రం నిలవలేదు. ఆ తల్లి ఒక్క మాట అనలేదు. ఆమె ఏదో ఒకటి అని ఉంటే పిల్లవాడికి తేలికగా ఉండేది.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి మేము ఉదాహరణకు చెబుతున్న అంకెలు. మీ మీ సరుకును బట్టి మార్చుకోండి. నూరు చొక్కాలు రూ. 150 చొప్పున 15,000. బస్సు, సంచులు, లేబుళ్ళకు 1,500. మొత్తం 16,500. అరవై అమ్ముడుపోయి పదిహేను తిరిగి వచ్చాయి. నిలిచినవి నలభై అయిదు. కమీషను, రవాణా పోను చొక్కాకు రూ. 250 చేతికి వస్తే 11,250. తిరిగి వచ్చినవాటి రవాణా 80 చొప్పున 1,200 తీసివేస్తే 10,050. అనగా రూ. 6,450 ఇంకా లోటు, ఇంట్లో యాభైఅయిదు చొక్కాలు. అవి ఎవరికీ పట్టని సైజులు! నూటయాభైకి కొని మూడువందల యాభైకి అమ్మినవాడు నష్టపోయాడంటే నమ్మకం కలగదు గాని, లెక్క ఇదే.

ఇక ప్రభుత్వం సంగతి. సరుకులు మాత్రమే అమ్మేవారికి మన రాష్ట్రంలో ఏడాదికి 40 లక్షల వ్యాపారం దాకా జి.ఎస్.టి. రిజిస్ట్రేషన్ అక్కరలేదు. ఆన్‌లైన్ ద్వారా అమ్మితే మాత్రం మునుపు ఎంత చిన్నవాడైనా తీసుకోవలసిందే. 2023 అక్టోబరు 1 నుంచి చిన్నవారికి దీన్ని సడలించారు. ఆ పోర్టల్‌లోనే ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకొని అమ్ముకోవచ్చును. అయితే సొంత రాష్ట్రం లోపల మాత్రమే. చూడండి మన పరిస్థితి! హిందూపురం దాటి కాస్త పోతే కర్ణాటక. ఇక్కడినుంచి శ్రీకాకుళానికి చొక్కా పంపితే సడలింపు ఉంది, పక్కనున్న గౌరీబిదనూరుకు పంపితే లేదు. అది అంతర్రాష్ట్ర వ్యాపారం, రిజిస్ట్రేషన్ తప్పదు. ఈ గీత మన ఇంటి పక్కనే ఉంది గనుక మనవాళ్ళే ఎక్కువ జాగ్రత్తపడాలి.

ఎం.ఆర్.పి. మీద స్టిక్కరు అంటించి చెరపడం, దానికి మించి అమ్మడం రెండూ నేరాలే. కొన్ని వస్తువులకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ గుర్తు నియమానికి విరుద్ధంగా తన వేదిక మీద 2,265 ప్రెషర్ కుక్కర్లు అమ్ముడుపోయాయని అమెజాన్‌కు లక్ష రూపాయల జరిమానా వేసి, కొన్నవారందరికీ తెలియజేసి కుక్కర్లు వెనక్కి తీసుకొని సొమ్ము వాపసు ఇవ్వమని ఉత్తర్వు ఇచ్చింది. అమెజాన్ దానిమీద హైకోర్టుకు వెళ్ళింది. అంత పెద్దవారికి వకీళ్ళున్నారు. మూలన పడివున్న కుక్కర్ల లాటు చవకగా తెచ్చుకొన్న మనకు ఎవరున్నారు? పైగా కుక్కరంటే చొక్కా కాదు, పేలితే మనుషులు పోతారు.

పేరున్న కంపెనీ సరుకు మనం అమ్మవచ్చునా అని చాలామంది అడుగుతుంటారు. నిజమైన సరుకు, న్యాయంగా కొన్నది, మార్పు చేయనిది అయితే తిరిగి అమ్మడం తప్పు కాదు. ఆమ్వే కంపెనీ తన అనుమతి లేకుండా ఆన్‌లైన్‌లో అమ్మరాదని ఢిల్లీ హైకోర్టుకు వెళ్తే, 2019 జులైలో ఒక న్యాయమూర్తి వారి పక్షాన ఉత్తర్వు ఇచ్చారు. 2020 జనవరిలో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టివేసింది. కాని మన ఖాతా ఆగిపోయేది కోర్టులో కాదు, ఆ కంపెనీ ఫోనులో. అది అసలు సరుకేనని చూపే బిల్లు అడుగుతారు. "లాటు – ఒకటి" అని రాసిన తెల్ల చీటీ అక్కడ చెల్లదు.

కాబట్టి తమ్ముళ్ళారా, కొనేముందే సరుకు పేరు, సంఖ్య, ధర విడివిడిగా రాసిన బిల్లు అడగండి. ఇవ్వనంటే మూట అక్కడే వదిలి బస్సెక్కండి. పదింటితో మొదలుపెట్టండి, నూరుతో కాదు. మరక ఉంటే మరకనే ముందు ఫోటో తీసి పెట్టండి. తక్కువకు పోయినా తిరిగి రాదు. పార్శిలు కట్టేటప్పుడు, తిరిగి వచ్చింది విప్పేటప్పుడు వీడియో తీయండి. తిరిగి వచ్చే సరుకును హిందూపురంలోనో పెనుకొండలోనో ఏ అంగడికి వదిలించుకోవాలో ముందే మాట్లాడుకోండి.

ఇప్పటికే లాట్లు తెచ్చినవారు ఇక్కడ నలుగురయిదుగురు ఉన్నారని మాకు తెలుసు. పేర్లు చెప్పము. భోజనాలయ్యాక బిల్లులు తీసుకొని వరండాలోకి రండి, ఒక్కొక్కటీ కూర్చొని చూద్దాం.