పిల్లల మౌనాన్ని విందాం



ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. కోలారు, బళ్ళారి వైపు మన పిల్లలు చాలామంది ఇలాగే పెరుగుతారు. కొత్తగా బడిలో చేరిన బిడ్డ కన్నడంలో మాట్లాడటానికి కొన్నాళ్ళు తటపటాయిస్తే కంగారు పడనక్కరలేదు. కానీ గలగలా మాట్లాడే బిడ్డ ఇంట్లో తెలుగులో కూడా ముభావంగా మారిపోతే గమనించాలి.

పిల్లలు "నాకు దిగులుగా ఉంది" అని నోరు తెరిచి చెప్పడం అరుదు. చిన్నవాళ్ళయితే బడి వేళకు కడుపునొప్పి అంటారు. ఎప్పుడో మానిన పక్క తడిపే అలవాటు మళ్ళీ వస్తుంది. పదో తరగతి వాళ్ళయితే చిన్న మాటకే విసుక్కుంటారు, నిద్రా తిండీ తప్పుతాయి, ఆటలూ స్నేహితులూ వద్దంటారు. మనం దాన్ని పొగరంటాం, సోమరితనమంటాం. ఈ మార్పు రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

"నేను లేకపోతే మీకే హాయి" అన్నా, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేస్తున్నా, ఒక్క రోజు కూడా ఆగకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నెమ్మదిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. బిడ్డను ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. ఇంట్లోని పురుగుమందు, మాత్రలు అందకుండా దాచండి. 2022లో మొదలైన టెలి మానస్ 14416 నంబరుకు రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ రోజు భోజనాల దగ్గర మార్కుల మాట పక్కన పెట్టండి. "ఈ రోజు ఎలా గడిచింది నాన్నా?" అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినండి.