గాలిలో ధూళి: ఎవరి వాటా ఎంత?

నేను ఐటీ కన్సల్టెంట్‌ని, వాతావరణ శాస్త్రవేత్తని కాను. ఈ ప్రసంగానికి కారణం మా నాన్నగారి దగ్గు.

నాన్నగారు రిటైరైన లెక్కల మాస్టారు. హైదరాబాద్‌లో ఒక పాత కాలనీలో ఉంటారు. కిందటి చలికాలం ఫోన్ చేసినప్పుడల్లా మాటలకంటే దగ్గే ఎక్కువ వినపడేది. "బండ్ల పొగరా, ఇంకేముంది" అనేవారు. ఊరి బయట ఫ్లాట్ తీసుకుందామంటే ససేమిరా అన్నారు. చివరికి, ఇండియా వెళ్తున్న స్నేహితుడి చేత గాలిలో ధూళిని కొలిచే చిన్న పరికరం ఒకటి పంపాను.

అది చూపించేది పీఎం 2.5. అంటే రెండున్నర మైక్రాన్లు, అంతకన్నా చిన్న రేణువులు. తలవెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు. ఇవి ముక్కులో ఆగవు, ఊపిరితిత్తుల లోపలిదాకా పోతాయి. ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశం పెట్టుకున్న హద్దు 40.

అయితే ఆ అంకె ఎంత ఉందో చెబుతుంది గానీ, ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పదు. మా భాషలో చెప్పాలంటే, సర్వర్ మొరాయించిందని అలారం మోగింది, ఏ ప్రోగ్రాం వల్లో తెలియదు.

శాస్త్రవేత్తలు దీన్ని ఎలా తేలుస్తారా అని చదవటం మొదలుపెట్టాను. గాలిని పంపుతో గంటల తరబడి ఫిల్టర్ గుండా లాగి, దాని మీద పేరుకున్న మసిని ప్రయోగశాలలో పరీక్షిస్తారు. సిలికాన్, అల్యూమినియం ఎక్కువుంటే మట్టి, రోడ్డు దుమ్ము. నల్లటి కార్బన్ డీజిల్‌ని చూపిస్తుంది. పొటాషియం ఉంటే కట్టెలో ఆకులో కాలినట్టు. పులుసు రుచి చూసి చింతపండెంత, బెల్లమెంత, ఉప్పెంత అని మన అమ్మమ్మలు చెప్పేవారు కదా, అలాంటిదే. కాకపోతే ఇక్కడ నాలుకకి బదులు సమీకరణాలు.

చిక్కులూ ఉన్నాయి. రోడ్డు దుమ్మూ, కట్టుబడి దుమ్మూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. కొన్ని రేణువులకైతే పొగగొట్టమే లేదు. బొగ్గు పొగలోని సల్ఫర్ వాయువు గాలిలోనే మారి, దూరంగా ఎక్కడో సల్ఫేట్ రేణువవుతుంది.

హైదరాబాద్‌లో ఇలాంటి అధ్యయనం 2005లో, సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత జరిగింది. మూడు చోట్ల, మూడు కాలాల్లో 180 నమూనాలు తీశారు. కాస్త పెద్ద రేణువుల్లో, అంటే పీఎం 10లో, అరవై శాతం పైగా బండ్ల పొగ, రోడ్డు దుమ్ములదే. పీఎం 2.5కి వచ్చేసరికి బండ్లతో పాటు పరిశ్రమల బొగ్గు, చెత్త కాల్చిన పొగ, ఇందాక చెప్పిన గాలిలో పుట్టే రేణువులు, అన్నీ కలగలిసి ఉన్నాయి.

ఇదంతా ఫోన్లో చెబితే నాన్నగారు, "మన దగ్గర ప్రయోగశాల లేదు, గడియారం ఉంది కదరా" అన్నారు. గంటకోసారి అంకె, పక్కన వీధిలో ఏం జరుగుతోందో నోటుబుక్కులో రాశారు. పొగమంచుకి పరికరం తప్పు చూపిస్తుందని ఆ రోజులు విడిగా పెట్టారు. మూడు వారాలకి తేలింది. అంకె అన్నిటికన్నా పైకెక్కేది సాయంత్రం ట్రాఫిక్‌లో కాదు, పొద్దున్న ఐదున్నరకి, వీధి చివర చెత్త కాల్చే వేళ.

నేను ఒప్పుకోలేదు. చలికాలం తెల్లవారుజామున గాలి కదలదు, ఊరి పొగంతా నేలనే పట్టుకుని ఉంటుంది, అదేనేమో అన్నాను. ఆయన పేజీ తిప్పి చదివారు. వీధి ఊడ్చే అమ్మాయి సెలవు పెట్టిన నాలుగు రోజులూ చలి అలాగే ఉంది, అంకె మాత్రం అంత ఎక్కలేదు. నేను మాట్లాడలేదు.

ఆయన ఆమె మీద ఫిర్యాదు చెయ్యలేదు. ఎందుకమ్మా కాలుస్తావు అని అడిగారు. "చెత్తబండి పదింటిదాకా రాదు సార్, ఈలోగా కుక్కలు లాగేస్తే మళ్ళీ ఊడ్చేది నేనే కదా" అంది. చెబుతూ ఆమె కూడా దగ్గింది. ఆ పొగకి అందరికంటే దగ్గరగా నిలబడేది ఆమే. కాలనీవాళ్ళు చందాలేసుకుని మూతలున్న డ్రమ్ములు రెండు కొన్నారు. పొద్దుటి పొగ ఆగింది. నాన్నగారి దగ్గు తగ్గింది. పూర్తిగా పోలేదు, ఊరి గాలి ఊరిదే కదా.

ఆ తర్వాత ఆయన నన్నో ప్రశ్న అడిగారు. "క్రిస్మస్ సెలవుల్లో మీ ఇంట్లో మంట ముందు ఫొటో పంపావు. అందులో కాలేది కట్టెలేనా?" కట్టెలే. మేముండే శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో చలికాలపు ధూళికి ముఖ్య కారణాల్లో కట్టెల పొగ ఒకటి. గాలి పాడైన రోజుల్లో కట్టెలు కాల్చకూడదని 2008లోనే ఇక్కడ నిబంధన తెచ్చారు. ఆ హెచ్చరికలు నేనెప్పుడూ చూసుకోలేదు. మా అబ్బాయికి ఇన్‌హేలర్ ఉంది.

ఆ ఫైర్‌ప్లేస్ మళ్ళీ వెలిగించలేదు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు గాలి ఎలా ఉందని మీరు అడుగుతూనే ఉంటారు. ఈసారి ఏ వేళకి పాడవుతోందో కూడా అడగండి. సెలవు.