రాజన్న కోడె – మన బాధ్యత
(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన బీబీపేట ప్రాంతంలో వేములవాడ రాజన్నకు మొక్కని ఇల్లు అరుదు. వేములవాడ చాళుక్యుల రాజధానిగా వెలసిన ఊరది. గర్భగుడిలో శ్రీ రాజరాజేశ్వర స్వామికి ఇరుపక్కలా రాజరాజేశ్వరీ దేవి, సిద్ధి వినాయకుడు కొలువై ఉన్నారు. ఆ ప్రాంగణంలోనే అనంతపద్మనాభ స్వామికి, సీతారాములకు ఆలయాలున్నాయి. ఆవరణలోని దర్గా వద్ద హిందువులు సైతం మొక్కుకోవడం తరతరాలుగా వచ్చిన ఆచారం. శివుడు, విష్ణువు, అల్లా అనే తేడా చూడని క్షేత్రమది.

అయితే ఆ క్షేత్రానికి ప్రాణం కోడె మొక్కు. ధర్మగుండంలో స్నానం చేసి, కోడె పగ్గం పట్టుకొని గుడి చుట్టూ తిరిగి, స్వామి పేర కట్టివేస్తాం. కోడె అంటే నందీశ్వరుడే.

ఈ మొక్కులోని అంతరార్థం ఆలోచించండి. వెనుకట రైతుకు కోడె అంటే రేపటి ఎద్దు, అరకలో సగం. దానిని దేవునికిస్తే తన బతుకుతెరువులో కొంత ఇచ్చినట్లే. నేడు దుక్కి ట్రాక్టరు దున్నుతున్నది. ఇంట పనికిరాని దూడను అక్కడ విడిచివస్తే అది మొక్కా, బరువు దించుకోవడమా?

2025లో తిప్పాపూర్ గోశాలలో కోడెలు చనిపోయిన వార్తలు చదివి మనమందరం బాధపడ్డాం. తప్పు ఎవరిదని వాదించడం కంటే మన వంతు చూసుకోవడం మేలు. పాలు మరువని లేగను తల్లి నుండి విడదీసి తీసుకుపోవద్దు. భక్తితోనైనా అన్నం, పిండివంటలు పెట్టవద్దు; పశువుకు కడుపుబ్బుతుంది. పొలమున్నవారు వరిగడ్డి పంపవచ్చు. లేనివారు పింఛనులో తోచినంత మేతకు ఇవ్వవచ్చు.

2024 నవంబరులో ఆలయ విస్తరణకు శంకుస్థాపన జరిగింది. మండపాలు పెరగడం సంతోషమే. వాటితోపాటు కోడెలకు నీడ, నీరు, మేత కూడా పెరగాలని మన సంఘం తరఫున విన్నవించాలని నా కోరిక.

రశీదు చేతికి రాగానే మొక్కు తీరిపోదు. కట్టిన కోడె కడుపునిండా మేసిననాడే రాజన్నకు అది ముట్టినట్లు.