ఔషధ వివేకము



భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు నాయకత్వము వహించిన అమెరికా పరిశోధనాలయమునుండి 1948లో ఆరియోమైసిన్ వెలువడెను. దానిని కనుగొన్నవారు డగ్గర్‌గారు. టెట్రాసైక్లిన్ వర్గమున అదియే మొదటిది.

ఈ వర్గపు మందు బాక్టీరియాలలో మాంసకృత్తుల తయారీని ఆపును. వాని వృద్ధి నిలిచిపోవును. మిగిలిన పని మన దేహశక్తియే చేయును. జలుబు కలిగించు వైరసులపై మాత్రము ఇది పనిచేయదు.

పాలతో మ్రింగినచో కాల్షియముతో ముడివడి రక్తమున సరిగా చేరదు. కొందరికి వికారము కలుగును. ఎండకు చర్మము కమలును. దంతములు ఏర్పడుచున్న వయసున పసివారికిచ్చినచో అవి శాశ్వతముగా రంగు మారవచ్చును.

కావున ఇంట మిగిలిన మాత్రను పొరుగుబిడ్డకిచ్చుట దయ కాదు. అనవసరముగా వాడినకొలది బాక్టీరియాలు మందునకు లొంగకపోవును. ఈ గ్రంథాలయమున చదువ నేర్చిన మనము మందుచీటినిగూర్చియు వైద్యుని అడిగి, తెలిసికొని, పిదపనే మ్రింగుదము గాక!