ముందే అందాల్సిన హార్మోను
(వులిమిరి రామలింగస్వామి స్మారకోపన్యాసం, రాయచెర్లు)

రామలింగస్వామి గారు 1921లో శ్రీకాకుళంలో పుట్టారు, విశాఖలో వైద్యం చదివారు, ఎయిమ్స్ డైరెక్టరుగా, ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు, 2001లో కన్నుమూశారు. మర్యాదకు ఇంత చాలు, బిరుదులు ఆయనకు పెద్ద అవసరం కావు. గాయిటర్ (మెడవాపు) మీద కాంగ్రా లోయలో ఆయన చేసిన ఉప్పు పరీక్ష సంగతీ తెలిసిందే. 1956 నుంచి ఒక ప్రాంతానికి అయోడైడ్ కలిపిన ఉప్పు, మరోదానికి అయోడేట్ ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు ఇచ్చారు. ఐదేళ్లకు మొదటి రెండు చోట్లా గాయిటర్ బాగా తగ్గింది. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఇంతవరకూ పేచీ లేదు. ఆ పనిని మనం తర్వాత చదువుకున్న తీరుతోనే నా పేచీ. ఉప్పు పనిచేసిందా అంటే బడిపిల్లల మెడ తడిమి జవాబు చెప్పడం మనకు అలవాటైంది. కంటికి కనబడేది మెడ కాబట్టి దాన్నే లెక్కపెట్టాం. కానీ అయోడిన్ కొరత పూడ్చలేని నష్టం చేసేది మెదడుకు, అదీ బిడ్డ పుట్టకముందే.

కడుపులో బిడ్డ థైరాయిడ్ మూడో నెల ముగిసేదాకా పనిలోకి దిగదు. ఆలోగా నాడీకణాలు పుట్టి తమ చోట్లకు చేరడానికి కావలసిన, అయోడిన్‌తో తయారయ్యే థైరాక్సిన్ హార్మోను తల్లి ఇవ్వాల్సిందే. ఈ మాటకు బలమైన సాక్ష్యం పపువా న్యూగినీలోని జిమి లోయ. ఫారోవా, బట్‌ఫీల్డ్, హెట్జెల్ 1971లో ప్రకటించిన లెక్క ఇది: అయోడిన్ నూనె సూది వేయించుకున్న తల్లుల 498 మంది పిల్లల్లో క్రెటినిజం (పుట్టుకతో వచ్చే బుద్ధిమాంద్యం) ఏడుగురికి, వేయించుకోని తల్లుల 534 మందిలో 26 మందికి. ఆ ఏడుగురిలో ఆరుగురి తల్లులు సూది వేసేనాటికే గర్భిణులు. నా వాదమంతా ఈ చివరి వాక్యం మీదే నిలుస్తుంది.

దీన్ని కాదనేవాళ్ల చేతిలో పెద్ద ట్రయల్స్ ఉన్నాయి. 1999లో హాడో బృందం, థైరాయిడ్ లోపం ఉండి చికిత్స అందని 48 మంది తల్లుల పిల్లల ఐక్యూ సగటున ఏడు పాయింట్లు తక్కువని చూపింది. సరే, గర్భిణులకు హార్మోను మాత్రలిచ్చి చూద్దామన్నారు. 2012లో లాజరస్, 2017లో కేసీ బృందాలు పిల్లల తెలివిలో తేడా కనబడలేదన్నాయి. ఇక ఈ ప్రశ్న ముగిసిందని కొందరు తీర్పు చెప్పేస్తున్నారు. కానీ మాత్రలు మొదలైంది ఎప్పుడు? మొదటి దాంట్లో దాదాపు పదమూడో వారంలో, రెండో దాంట్లో నాలుగో నెల దాటాక. నాట్లు ఎండిపోయాక కాలువ వదిలి, నీళ్లతో ప్రయోజనం లేదనడం లాంటిది ఇది. ఆ తల్లుల లోపం స్వల్పమైనదే కదా, అందుకే తేడా రాలేదేమో అని ఇంకో అభ్యంతరం. కావచ్చు. ఆలస్యమే కారణమని రుజువైందని నేననను. ఆ ట్రయల్స్ ఆ ప్రశ్నను అసలు అడగలేదంటున్నాను.

ఇది హిమాలయం కాదు, మన పావగడ ప్రాంతం గొడవ ఫ్లోరైడ్ అనవచ్చు. గాయిటర్ కొండలకే పరిమితం కాదని 1980ల ఐసీఎంఆర్ సర్వే తేల్చింది. ఫ్లోరైడ్ విషయంలోనూ మనం చేసిన తప్పు అదే, కంటికి కనబడేదాన్నే లెక్కపెట్టడం. 1937లో షార్ట్ బృందం ఆనాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను గుర్తించినప్పటినుంచి గార పళ్లు, వంగిన మోకాళ్లే లెక్కలోకి వచ్చాయి. మోతాదు పెరిగితే ఫ్లోరైడ్ థైరాయిడ్‌ను అణచగలదని, అతిగా పనిచేసే థైరాయిడ్‌కు దాన్నే మందుగా ఇచ్చిన గాలెట్టి, జాయెట్ 1958లో రాశారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌కూ పిల్లల ఐక్యూ తగ్గడానికీ సంబంధం ఉందని అమెరికా జాతీయ టాక్సికాలజీ ప్రోగ్రాం 2024లో ఒక మోస్తరు నమ్మకంతో చెప్పింది. అది థైరాయిడ్ ద్వారా జరుగుతోందా, నేరుగానా? అయోడిన్‌ను, ఫ్లోరైడ్‌ను ఒకే తల్లిలో కొలవకుండా ఎవరూ చెప్పలేరు. పేదరికం, తిండి, బడి కూడా ఐక్యూను లాగుతాయి కాబట్టి వాటినీ నమోదు చేయాలి.

ప్రస్తుతం నేను సిద్ధం చేస్తున్న పని ఇదే. ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా గర్భం రాని కొత్త కోడళ్ల మూత్రంలో అయోడిన్, ఫ్లోరైడ్, రక్తంలో టీఎస్‌హెచ్, థైరాక్సిన్ చూడాలి. వంటింట్లో రాళ్లుప్పు మీద పరీక్ష చుక్క వేసి నీలం తిరుగుతుందో లేదో చూడాలి. తాగేది ఫిల్టరు నీళ్లయినా, పప్పు ఉడికేది ఏ బోరు నీళ్లతోనో అడగాలి. ఉపకేంద్రంలో అర్హ దంపతుల రిజిస్టరు ఉండనే ఉంది. దాన్ని కుటుంబ నియంత్రణకు తప్ప మరో పనికి తెరవడం లేదు. ముందు ఆ అమ్మాయిల సమ్మతి, తర్వాత అత్తగార్ల సహకారం కావాలి. ఈ సభను నేను కోరేది రెండోది.