ట్రిగ్గర్ మొరాయిస్తే...

(మలంచాలో జరిగిన మాజీ సైనికుల కుటుంబ సమ్మేళనంలో ఒక విశ్రాంత ఆర్మరర్ చేసిన ప్రసంగ పాఠం)



మా నాన్నగారు ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. "చెడిన వస్తువుని విప్పేముందు పావుగంట ఊరికే చూడరా" అనేవారు. నేను ఆర్మీలో ఆర్మరర్‌నయ్యాక ఆ మాట విలువ తెలిసింది. ఈరోజు చెప్పబోయేది కూడా అంతే.

మనలో చాలామంది రిటైరయ్యాక సెక్యూరిటీ డ్యూటీలు చేస్తున్నారు. కొందరికి లైసెన్సు మీద కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ ఉంది. నాతో పనిచేసిన ఒకాయన అలాగే బ్యాంకు కాపలాకి చేరాడు. ఒక వర్షాకాలం తర్వాత ట్రిగ్గర్ బరువెక్కింది. తెలిసిన లేత్ మెకానిక్ ఎవరో మెయిన్ స్ప్రింగ్‌ని అరగదీసి ఇచ్చాడు. "వెన్నలా అయిపోయింది మావా" అని నాకు ఫోనులో మురిసిపోయి చెప్పాడు. ఆరు నెలల తర్వాత ప్రాక్టీసు ఫైరింగులో ఆరు రౌండ్లలో రెండు పేలలేదు. అంటే ఆ ఆరు నెలలూ ఆయన నమ్మకూడని ఆయుధంతో బ్యాంకు గుమ్మంలో నిలబడ్డాడన్నమాట!

పేలని రౌండ్లు చూశాను. ప్రైమర్ మీద గుంట లోతుగా పడలేదు. లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరికి పంపితే, ఆయన లోపల చూసి అసలు జబ్బు చెప్పాడు. మావాడు వేసిన ఆవనూనె ఎండి జిగురై, దుమ్ముతో కలిసి పట్టేసింది. స్ప్రింగ్‌కి అసలు ఏ లోపమూ లేదు. మందు తప్పు, రోగం వేరు.

డబుల్ యాక్షన్‌లో ఒక్క వేలి లాగుడు మూడు పనులు చేస్తుంది. సిలిండర్‌ని తిప్పుతుంది, గదిని బ్యారెల్‌కి ఎదురుగా నిలుపుతుంది, హ్యామర్‌ని లేపి వదులుతుంది. సింగిల్ యాక్షన్‌లో హ్యామర్‌ని బొటనవేలితో ముందే లేపుతాం కాబట్టి ట్రిగ్గర్‌కి వదలడమొక్కటే పని. అందుకని డబుల్ యాక్షన్ లాగుడు బరువుగా ఉండటం దాని స్వభావమే, జబ్బు కాదు. నిన్నటికన్నా ఈరోజు బరువెక్కిందా అన్నదే ప్రశ్న.

పరీక్షకు ముందు రివాల్వర్ తెరిచి, రౌండ్లు తీసి, ఆరు గదులూ కంటితో చూసి, వేలితో తడిమి, రౌండ్లని వేరే గదిలో పెట్టండి. ఎన్నేళ్ల సర్వీసున్నా ఇది తప్పనిసరి.

ఇప్పుడు లక్షణాలు. అన్ని గదుల్లోనూ ఒకేలా బరువుంటే జిగురు, తుప్పు అనుమానించాలి. మన ఖరగ్‌పూర్ ఎర్రమట్టి దుమ్ము, వానాకాలపు తేమ రెండూ శత్రువులే. తోలు హోల్‌స్టర్‌లో నెలల తరబడి ఉంచితే తోలు తేమ పట్టి తుప్పు తెస్తుంది. వంటనూనె వద్దు. ఆయుధాల నూనె ఒకటి రెండు చుక్కలు చాలు.

ఖాళీగా ఉంటే బాగా తిరిగి, రౌండ్లు పెడితే పట్టేస్తోందా? ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం కింద మసి, కాలని పొడి గింజ చేరి రౌండుని వెనక్కి తోస్తుంటాయి. బ్రష్‌తో పోతుంది. లేదా ప్రైమర్ పైకి పొంగిన రౌండు కావచ్చు. దాన్ని పక్కన పెట్టండి. ఈ పరీక్ష డమ్మీ రౌండ్లతోనే చెయ్యాలి.

ట్రిగ్గర్ ముందుకి తిరిగి రాకపోతే జిగురో, స్ప్రింగ్ బలహీనతో. కానీ కంగారులో మనమే వేలు పూర్తిగా వదలకుండా మళ్లీ లాగుతాం. ఆ తప్పు వేలిది.

లేపిన హ్యామర్ నిలవకుండా జారిపోతుంటే, ఇక ముట్టుకోవద్దు. నాచ్ అరిగిందన్నమాట. ఖాళీ చేసి గన్‌స్మిత్‌కి ఇవ్వండి.

రేంజిలో రౌండు పేలకపోతే వెంటనే మళ్లీ ట్రిగ్గర్ లాగకండి. కనీసం 30 సెకన్లు గొట్టం టార్గెట్ వైపే ఉంచండి. రివాల్వర్‌లో మళ్లీ లాగితే ఆ రౌండు పక్కకి తిరుగుతుంది. అది ఆలస్యంగా పేలితే ఎదురుగా బ్యారెల్ ఉండదు.

చిన్న ముక్కే కదా అనుకోకండి. ఎన్‌ఫీల్డ్ నంబర్ 2 రివాల్వర్‌లో, 1942లో ఉత్పత్తి వేగం కోసం హ్యామర్ సేఫ్టీ స్టాప్ తీసేసిన రకం ఒకటి తయారుచేశారు. కిందపడితే పేలే ప్రమాదం ఉండటంతో, యుద్ధం అయ్యాక చాలావాటికి ఆ ముక్క మళ్లీ అమర్చవలసి వచ్చింది. తయారుచేసినవాళ్లకే అలా జరిగితే, ఆకురాయి పట్టుకున్న మనమెంత?

చట్టం మాట కూడా. 1959 ఆయుధాల చట్టం ప్రకారం రిపేరు వ్యాపారానికి లైసెన్సు కావాలి. నేను ఇన్నేళ్లు ఆర్మరర్‌గా చేసినా, మా మిత్రుడి రివాల్వర్ లాక్ నేను విప్పలేదు. కోత్‌లో ఉన్న అధికారం పెన్షన్ పుస్తకంతో ఇంటికి రాదు.

శుభ్రం చెయ్యడం, గమనించడం, లక్షణం కాగితం మీద రాసి గన్‌స్మిత్‌కి ఇవ్వడం, ఈ మూడూ మన పని. స్ప్రింగ్, నాచ్ ఆయన పని. మా మిత్రుడు కొత్త స్ప్రింగ్ వేయించుకున్నాడు. ట్రిగ్గర్ మళ్లీ బరువుగానే ఉంది. "ఇప్పుడు నిద్ర పడుతోంది మావా" అన్నాడు.

సెలవు. జై హింద్.