తరగతి గదియందు సహకారము – సద్భావము



భిలాయి నగరమునకు పునాది సహకారమే. 1955వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వముల నడుమ కుదిరిన ఒడంబడిక ననుసరించి ఇచ్చట ఉక్కు కర్మాగార నిర్మాణము జరిగెను. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. ఒకరి భాష నొకరు ఎరుగని రష్యను నిపుణులును, భారతీయ ఇంజనీర్లును దుబాసీల సాయముతో పని సాగించిరి. తెలుగువారు, వంగీయులు, మలయాళీలు, పంజాబీలు, ఒడియావారు వచ్చి, ఛత్తీస్‌గఢీ మాటలాడు స్థానికులతో కలిసి ఒకే షిఫ్టులో శ్రమించిరి. పెద్దలకు సాధ్యమైన ఈ కలయిక వారి పిల్లలకు తరగతి గదిలో ఏల దుర్లభము కావలెను? ఇదియే నేటి ప్రసంగ విషయము.

మన ప్రాథమిక పాఠశాలలలో సాధారణముగా జరుగునది ఏమి? ఉపాధ్యాయిని ప్రశ్న వేయును. పది చేతులు పైకి లేచును. ఒక బాలుని పిలుచును. వాడు సరిగా చెప్పినచో తక్కిన తొమ్మండుగురికి నిరాశ. తడబడినచో తొమ్మండుగురికి ఆనందము. ఒకని తప్పు మరియొకనికి పండుగ యగుచున్నది. ఇది పిల్లల దుర్గుణము కాదు. ఆ యేర్పాటు నేర్పిన గుణము.

భిలాయి వంటి పట్టణమున ఈ యేర్పాటు మరింత బాధాకరము. ఇంట తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీయో ఇంగ్లీషో. ఆరేండ్ల పాప మూడు భాషలను కలిపి ఒక వాక్యము చెప్పును. తరగతి యంతయు గొల్లుమనును. ఒక్కనాటి నవ్వు చాలును. ఆ పాప సంవత్సరమంతయు నోరు మెదపకుండవచ్చును. పరీక్షా పత్రముపై మాత్రము “మందబుద్ధి” యను తీర్పు పడును. పల్లె నుండి వచ్చిన స్థానిక బాలునికిని ఇదే దుఃఖము. భాష రాకపోవుట వేరు, బుద్ధి లేకపోవుట వేరు అను వివేకము బడికి ఉండవలెను.

ఇట్టి చిక్కునే అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున ఆస్టిన్ నగరము 1971లో ఎదుర్కొనెను. తెల్లవారు, నల్లవారు, మెక్సికో సంతతివారు మొదటిసారిగా ఒకే తరగతిలో కూర్చుండగా కలహములు చెలరేగెను. ఎలియట్ ఆరన్సన్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు తన శిష్యులతో కలిసి ఒక ఉపాయము కనుగొనెను. పిల్లలను అయిదారుగురు చొప్పున జట్లు చేసి, పాఠమును అన్ని ముక్కలు చేసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క నిచ్చిరి. ఎవరి ముక్క వారు నేర్చి తక్కినవారికి చెప్పవలెను. పరీక్ష మాత్రము పాఠమంతటి మీదను ఉండును. ఒక జట్టులో ఇంగ్లీషు సరిగా రాని బాలుడు తడబడుచుండగా తోడివారు ఎగతాళి చేసిరి. వాడు చెప్పునది తెలియనిదే మీకు పరీక్షలో జవాబు రాదని పెద్దలు గుర్తుచేసిరి. కొలది దినములలో ఆ పిల్లలే ఓపికతో ప్రశ్నలడిగి వానిచే చెప్పించుట నేర్చిరి. పరస్పర స్నేహము పెరిగినదనియు, వెనుకబడిన పిల్లల మార్కులు మెరుగైనవనియు, ముందున్నవారికి నష్టము కలుగలేదనియు ఆ పరిశోధకులు తెలిపిరి.

ఈ పద్ధతికి భిలాయిలో పాఠము వెదుక నక్కరలేదు. “మన ఊరిలో ఉక్కు ఎట్లు తయారగును?” అను పాఠమునే అయిదు భాగములు చేయవచ్చును. ఒకరికి రాజహరా గనుల ఇనుప ఖనిజము. ఒకరికి నందిని సున్నపురాయి. ఒకరికి బొగ్గును కోకుగా మార్చు బట్టీలు. ఒకరికి బ్లాస్టు ఫర్నేసు. ఒకరికి ఉక్కు కరగించి రైలు పట్టాలుగా సాగదీయుట. సున్నపురాయి చెప్పు బాలుడు మౌనము వహించినచో మలినములు ఎట్లు తొలగునో జట్టులో ఎవరికిని తెలియదు. కర్మాగారములో ఏ విభాగము ఆగినను పని ఆగునన్న సత్యము వారికి అక్కడనే బోధపడును. తండ్రి యే విభాగమున పనిచేయునో అడిగి తెలిసికొనుటకు ఇంటిలోను ముచ్చట దొరకును.

అయితే పిల్లలను గుంపుగా కూర్చుండబెట్టినంత మాత్రమున సహకారము పుట్టదు. చురుకైనవాడే పనియంతయు చేయును, తక్కినవారు చూచుచుందురు. అందుచే ప్రతివానికి తన వంతు స్పష్టముగా ఉండవలెను. జట్లను అప్పుడప్పుడు మార్చవలెను. నెమ్మదిగా చదువువానికి ముందుగా సాధన చేయుటకు వ్యవధి నీయవలెను. ఉపాధ్యాయుడు జట్టునుండి జట్టుకు తిరుగుచు చెవి యొగ్గి వినవలెను.

మెప్పుకోలు విషయమునను జాగ్రత్త అవసరము. 1998లో మ్యూలర్, డ్వెక్ అను ఇరువురు పరిశోధకులు ప్రకటించిన అధ్యయనములలో, “నీవు తెలివిగలవాడవు” అని పొగడబడిన అయిదవ తరగతి పిల్లలు ఒక వైఫల్యము కలుగగానే క్రుంగిరి. “బాగుగా శ్రమించితివి” అని మెచ్చుకొనబడినవారు పట్టుదలతో నిలిచిరి. కనుక సద్భావమనగా ఊరక పొగడుట కాదు. చేసిన ప్రయత్నమును గుర్తించి చెప్పుట.

2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో దేహదండనను, మానసిక హింసను నిషేధించినది. బెత్తము పోయినంతనే చాలదు. ఎత్తిపొడుపు మాట బెత్తము కన్న లోతుగా తగులును. మన మదనపల్లె చెంతనున్న ఋషీవ్యాలీ విద్యాసంస్థ వారు పరిసర పల్లెలలో నడపిన చిన్న బడులలో వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చుండి, పాఠపు కార్డుల సాయముతో ఎవరి వేగమున వారు నేర్చుచు, పెద్దపిల్లలు చిన్నవారికి తోడ్పడుట అలవరచుకొనిరి. ఆ పద్ధతి ఇతర రాష్ట్రములకును వ్యాపించినది.

చివరగా తల్లిదండ్రులతో ఒక మాట. బడినుండి వచ్చిన బిడ్డను “ఎన్నవ స్థానము వచ్చినది? ప్రక్కింటి వానికెన్ని మార్కులు?” అని అడుగుట మన ఇండ్ల ఆచారము. ఆ ప్రశ్నతో పాటు, “నేడు ఎవరికి ఏమి నేర్పితివి? ఎవరి వద్ద ఏమి నేర్చితివి?” అనియు అడుగుడు. మొక్కై వంగనిది మానై వంగునా? ఏ కులమో, ఏ ప్రాంతమో, ఏ భాషయో చూడక తోడివాని మాట వినుట నేర్చిన బాలుడే రేపు మంచి పనివాడును, మంచి పౌరుడును కాగలడు. ఉక్కు నిర్మించిన ఈ నగరమునకు అట్టి పౌరులే నిజమైన సంపద.